స్టడ్‌లాండ్ నుంచి ఓల్డ్ హ్యారీ శిలల వరకు పాడిల్‌బోర్డుపై వెళ్లి రావడం ఎలా?

ఏటా మే నెల వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. రీడింగ్ నుంచో, స్లౌ నుంచో, సౌతాంప్టన్ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి, గాలి నింపుకొనే పాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డు వేసుకుంటూ నీటి మీద సాగే పలక) చవకగా దొరికితే కొన్నామని చెప్పి, డోర్సెట్ తీరంలోని ఆ తెల్లటి సుద్దరాతి స్తంభాల దగ్గరకు దాని మీద వెళ్లవచ్చా, ఈత అంతంత మాత్రమే వచ్చు, ఫరవాలేదా అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా చోటు సంగతి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఎక్స్‌మత్ దగ్గర మొదలయ్యే జురాసిక్ కోస్టు 95 మైళ్లు సాగి, తూర్పు కొసన ఈ ఓల్డ్ హ్యారీ శిలల దగ్గర ముగుస్తుంది. యునెస్కో 2001లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. స్టడ్‌లాండ్ గ్రామం కింద ఉన్న సౌత్ బీచ్ నుంచి శిలల వరకు నీటి మీద ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటర్లు. గాలి లేని రోజున కొత్తవారికి కూడా అరగంటకు మించి పట్టదు. ఇంత దగ్గర కాబట్టే ఎక్కువమంది దీనిని తేలిగ్గా తీసుకుంటారు.

స్టడ్‌లాండ్ అఖాతం తూర్పు ముఖంగా ఉంటుంది. ఈ దేశంలో ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి లేదా పడమటి గాలి. అంటే ఇక్కడ గాలి సాధారణంగా నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున కొండ, చెట్లు అడ్డు ఉండడం వల్ల అక్కడి నీరు కోనేటి నీరులా కదలకుండా కనిపిస్తుంది. మీరు బోర్డెక్కి తూర్పుగా శిలల వైపు సాగితే గాలి వెనక నుంచి తోస్తుంది, పదిహేను నిమిషాల్లో సగం దూరం దాటి నాకు ఇంత బాగా వచ్చా అనుకుంటారు. తిరిగి చూసేసరికి ఆ గాలికే ఎదురు రావలసి ఉంటుంది. నేను మొదటి ఏడాది ఇదే తప్పు చేశాను. వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది, రావడానికి గంటన్నర. ఆ గంటన్నరలో నిలబడింది లేదు, మోకాళ్ల మీదే తెడ్డు వేశాను. నా వెంట వచ్చిన మిత్రుడు చివరి అరకిలోమీటరు ఒక చిన్న మోటారు పడవవారు ఇచ్చిన తాడు పట్టుకొని ఒడ్డుకు చేరాడు. అందుకని కింద చెప్పే మెట్లలో దేనిని వదిలినా మొదటిదాన్ని వదలకండి.

కావలసినవి

బోర్డు, దాని పంపు, బోర్డు అడుగున బిగించే ఫిన్ అనే రెక్క, తెడ్డు, లీష్ అనే తాడు ఎలాగూ ఉంటాయి. పెద్దవారికి సుమారు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉన్న బోర్డు సరిపోతుంది. కొనేటప్పుడు పొడవు కంటే మందం చూడండి. ఆరు అంగుళాల మందం ఉన్న బోర్డు మనిషి బరువుకు వంగదు. నాలుగు అంగుళాల బోర్డు ఎనభై కిలోల మనిషి నిలబడగానే నడుమ అరటి దోనెలా వంగుతుంది.

వీటికి తోడు తప్పనిసరిగా ఉండవలసినవి: కనీసం 50 న్యూటన్ల తేలింపు ఉన్న బాయన్సీ ఎయిడ్ అనే తేలే జాకెట్, వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తులు, జాకెట్‌కు కట్టుకొనే విజిల్, ఫోను పెట్టుకోవడానికి నీరు చొరని సంచి, తాగునీళ్లు, పొడి బట్టలు. బాయన్సీ ఎయిడ్, లైఫ్ జాకెట్ ఒకటి కావు. లైఫ్ జాకెట్ స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పేలా తయారవుతుంది. బాయన్సీ ఎయిడ్ చేతులు ఆడించడానికి వీలిస్తూ తేల్చి ఉంచుతుంది, కానీ ముఖాన్ని పైకి తిప్పుతుందన్న హామీ లేదు. తెడ్డు వేయడానికి అనువైనది బాయన్సీ ఎయిడే.

వెట్‌సూట్ విషయంలో మనవాళ్లు చాలామంది వాదిస్తారు. బయట ఎండ 25 డిగ్రీలు ఉంటే రబ్బరు చొక్కా ఎందుకంటారు. మీరు బట్టలు వేసుకోవలసింది గాలి వేడిని బట్టి కాదు, నీటి చల్లదనాన్ని బట్టి. ఈ తీరంలో మే నెలలో సముద్రం 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆగస్టు చివర్లో అతి వెచ్చగా ఉన్నప్పుడు కూడా 17, 18 డిగ్రీలు దాటడం అరుదు. 15 డిగ్రీల కంటే చల్లని నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి మన అదుపులో ఉండదు. ఎంత ఈత వచ్చినవారైనా నోరు తెరిచి గుటకవేసినట్టు గాలి లాగుతారు, ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే లోపలికి పోయేది నీరే. జీన్సు, నూలు టీషర్టు ఇక్కడ పనికిరావు.

ఉంగరాలు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి. చల్లని నీటిలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. ఒకరి పెళ్లి ఉంగరం ఇప్పటికీ ఆ అఖాతంలోనే ఉంది, అది ఎవరిదో చెప్పకపోవడం మా ఇంటి శాంతికి మంచిది. కళ్లద్దాలకు వెనక తాడు కట్టుకోండి. మన చర్మానికి ఈ దేశపు ఎండ లెక్కలేదనుకొని సన్‌స్క్రీన్ మానేయకండి. నీటి మీద ఎండ పైనుంచి ఒకసారి, కింద నుంచి ప్రతిఫలించి మరొకసారి తగులుతుంది.

ఈత అంతంత మాత్రం అన్నవారికి నా జవాబు: నిలబడలేని లోతులో, ఎవరి సాయం లేకుండా, 50 మీటర్లు ఈదలేకపోతే ఈ ప్రయాణం ఈ ఏడాది వద్దు. మీ ఊరి లీజర్ సెంటర్లో పెద్దల ఈత తరగతులు ఉంటాయి. ఒక శీతకాలం అక్కడ గడిపి మళ్లీ వేసవికి రండి. అంతవరకు ఆగలేనివారు శిక్షకుడు వెంట ఉండే యాత్రల్లో చేరండి, స్టడ్‌లాండ్‌లో అవి దొరుకుతాయి.

1. గాలి చూసి రోజును ఎంచుకోండి

వాన పడుతుందా, ఎండ కాస్తుందా అన్నది రెండో ప్రశ్న. మొదటిది గాలి ఎంత, ఏ దిక్కు నుంచి అన్నది. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీసు సూచనతో పాటు గాలి చూపే మరో యాప్, విండీ గానీ విండ్‌గురు గానీ, పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు. వేరువేరుగా చెబితే ఎక్కువ గాలి చెప్పినదాన్ని నమ్మండి.

నా కొలమానం ఇది. గంటకు 8 మైళ్ల లోపు గాలి ఉంటే కొత్తవారు వెళ్లవచ్చు. 8 నుంచి 12 మైళ్ల మధ్య ఉంటే, అది సముద్రం నుంచి నేల వైపు వీస్తున్నప్పుడు మాత్రమే, అదీ అఖాతం లోపలే తిరగవచ్చు. 12 దాటితే ఎవరూ వద్దు. గాలి పడమర, నైరుతి, వాయవ్యం నుంచి వస్తుంటే ఆరేడు మైళ్లకు మించిన రోజున నేను శిలల వైపు వెళ్లను.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది కొలతలది. కొన్ని యాప్‌లు గాలిని గంటకు మైళ్లలో, కొన్ని ఓడలవారు వాడే నాట్ అనే కొలతలో, కొన్ని సెకనుకు మీటర్లలో చూపిస్తాయి. తెర మీద 5 అని చూసి చల్లని పిల్లగాలి అనుకుంటారు. అది సెకనుకు 5 మీటర్లయితే గంటకు 11 మైళ్లు. రెండోది బాణం గుర్తుది. తెలుగులో పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది, ఇంగ్లిషులోనూ అంతే, కానీ యాప్‌లో బాణం మొన ఆ గాలి వెళ్లే వైపు, అంటే తూర్పుకు ఉంటుంది. మూడోది, సగటు గాలిని చూసి విసురు గాలిని చూడకపోవడం. సగటు 7 ఉండి విసురు 18 ఉన్న రోజు బోర్డుకు తగిన రోజు కాదు.

వీలైనంత వరకు ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య నీటిలో ఉండేలా చూసుకోండి. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. తెల్లవారి వెళితే పార్కింగ్ కూడా దొరుకుతుంది, ఈ ప్రయాణంలో అది చిన్న లాభమేమీ కాదు.

2. పోటు లెక్క చూసుకోండి

విశాఖ, కాకినాడ తీరాల్లో పెరిగినవారికి ఆటుపోట్ల మీద పెద్ద పట్టింపు ఉండదు, అక్కడ నీటి హెచ్చుతగ్గు ఒకటిన్నర మీటరు అటుఇటుగానే ఉంటుంది. స్టడ్‌లాండ్‌లోనూ తేడా రెండు మీటర్ల లోపే. కానీ అదే అలవాటుతో బ్రిస్టల్ చానెల్ వైపు వెళితే అక్కడ పన్నెండు మీటర్లకు పైగా నీరు లేచి దిగుతుంది, బురదలో చిక్కుకుంటారు. అందుకని ఎక్కడికి వెళ్లినా ఆ రేవు పట్టిక చూడడం అలవాటు చేసుకోండి. బ్రిటన్ జలమార్గాల విభాగం వారి ఈజీటైడ్‌లో వారం రోజుల లెక్క ఉచితంగా దొరుకుతుంది.

పూల్, స్టడ్‌లాండ్ ప్రాంతానికి ఒక వింత ఉంది. ఇక్కడ నిండు పోటు ఒక విడతలో రెండుసార్లు వస్తుంది. నీరు నిండి, కాస్త తగ్గి, మళ్లీ నిండుతుంది. దీనివల్ల చాలా గంటలు నీరు ఎత్తుగానే ఉంటుంది, అది మనకు అనుకూలం. శిలల అడుగున సుద్దరాతి తిన్నె ఒకటి పరచుకొని ఉంది. నీరు తగ్గే పాటు సమయంలో అది బయటపడి, ఫిన్‌ను విరిచేంత దగ్గరకు వస్తుంది. కాబట్టి శిలల దగ్గర మీరు ఉండే సమయం పోటు నిండుగా ఉండే గంటల్లో పడేలా బయలుదేరండి.

మన పంచాంగం ఇక్కడ అక్కరకొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బలంగా ఉంటుంది, ప్రవాహమూ బలంగా ఉంటుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు రెండూ మందగిస్తాయి. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉన్నవారు అష్టమి తరవాతి శనివారమో ఆదివారమో చూసుకోవచ్చు. అచ్చు పట్టికలు వాడేవారికి ఒక హెచ్చరిక: వాటిలో చాలావరకు సమయాలు జీఎంటీలో ఉంటాయి. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపి ఉంటుంది కనుక ఆ సమయానికి ఒక గంట కలపాలి. ఇది మరిచి గంట ముందు వచ్చి కూర్చునేవారిని ప్రతి ఏడాది చూస్తాను.

3. ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్లండి

ఎక్కడ దిగుతున్నారు, ఎంతమంది, బోర్డుల రంగులేమిటి, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు అన్న నాలుగు విషయాలు ఇంట్లో ఉన్నవారికి సందేశంగా పంపండి. ఫలానా సమయానికి నా నుంచి కబురు రాకపోతే అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డు కావాలని చెప్పండి అని స్పష్టంగా రాయండి. సేఫ్‌ట్రెక్స్ అనే యాప్ కూడా ఈ పని చేస్తుంది. బోర్డు మీద మీ పేరు, ఫోన్ నంబరు చెరగని సిరాతో రాసి ఉంచండి. ఖాళీ బోర్డు ఒకటి నీటిలో తేలుతూ కనబడితే దాని మీద మనిషి ఏమయ్యాడోనని లైఫ్‌బోటును పంపుతారు. నంబరు ఉంటే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. ఒంటరిగా వెళ్లకండి.

4. బోర్డుకు గాలి నింపండి

సౌత్ బీచ్ కార్ పార్కు పైన, గ్రామంలో ఉంటుంది. అక్కడి నుంచి ఇసుక దాకా కాలిబాట. గాలి నింపిన బోర్డును ఆ బాట వెంట మోయడం కంటే సంచిలోనే కిందికి తెచ్చి ఇసుక మీద నింపుకోవడం సులువు. బోర్న్‌మత్ వైపు నుంచి వచ్చేవారు శాండ్‌బ్యాంక్స్ దగ్గర గొలుసు ఫెర్రీ దాటి రావచ్చు, అయితే వేసవి వారాంతాల్లో దాని దగ్గర కార్ల వరుస చాలా పొడవుంటుంది. వేరమ్, కోర్ఫ్ కాసిల్ మీదుగా రోడ్డు మార్గం చుట్టయినా నమ్మకం.

వాల్వ్ మూత తీస్తే నడుమ చిన్న పిన్ను కనిపిస్తుంది. దానిని నొక్కి తిప్పితే పైకి వస్తుంది లేదా లోపలికి పోయి నిలుస్తుంది. గాలి నింపేటప్పుడు పిన్ను పైకి ఉండాలి. లోపలికి ఉండగా నింపితే పంపు గొట్టం తీయగానే ఇరవై నిమిషాల కష్టం ఒక్క బుస్సుతో పోతుంది. ఈ శబ్దం వేసవిలో ఆ బీచిలో ఉదయం పూట రెండు మూడుసార్లయినా వినిపిస్తుంది, దాని వెనకే ఎవరో ఒకరి నిట్టూర్పు కూడా.

పంపు మీద ఉన్న ముల్లు మొదట్లో కదలదు. చాలామంది గేజ్ పాడైందనుకొని ఆపేస్తారు. బోర్డు ఆకారం వచ్చి లోపల ఒత్తిడి పుట్టేదాకా అది సున్నా దగ్గరే ఉంటుంది, తరవాత లేస్తుంది. అసలు కష్టం 8 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటాక మొదలవుతుంది. చాలా బోర్డులకు 12 నుంచి 15 పీఎస్‌ఐ కావాలి, మీ బోర్డుకు ఎంతన్నది వాల్వ్ పక్కనే రాసి ఉంటుంది. 10 దగ్గర చేతులు నొప్పెట్టి చాల్లే అనుకుంటే ఆ మెత్తని బోర్డు మీద నిలబడడం పరుపు మీద నిలబడినట్టే. సరిపడా నింపారా లేదా అని చూడడానికి, బోర్డు రెండు కొసల కిందా ఏదైనా ఆనించి నడుమ మోకాలితో నొక్కండి. వంగకూడదు.

ఫిన్ వంపు వెనక్కి ఉండేలా బిగించండి, పిన్ను గట్టిగా పడిందో లేదో లాగి చూడండి. తెడ్డు మీ ఎత్తు కంటే ఒక జానెడు పొడవుగా సర్దుకోండి. తెడ్డు రెక్క కాస్త వంగి ఉంటుంది, ఆ వంపు బోర్డు ముక్కు వైపు ఉండాలి. గరిటెలా తమ వైపుకు వంచి పట్టుకోవడమే అందరూ చేసే తప్పు.

5. లీష్ కట్టుకోండి

నీటిలో పడినప్పుడు బోర్డు మీకంటే వేగంగా గాలికి కొట్టుకుపోతుంది. దానిని మీకు కట్టి ఉంచేది ఈ తాడే. సముద్రంలో చుట్టలు తిరిగిన లీష్‌ను పిక్కకో, చీలమండకో కట్టుకుంటే సరిపోతుంది. నదులు, ప్రవాహమున్న నదీముఖాలు, పడవలు కట్టే లంగరు తాళ్ల మధ్య ఇది పనికిరాదు. అక్కడ ఒక్క లాగుతో ఊడివచ్చే నడుము పట్టీ లీష్ వాడాలి, ఎందుకంటే తాడు దేనికైనా చిక్కుకుంటే ప్రవాహంలో వంగి కాలి దాకా చెయ్యి చాపడం సాధ్యం కాదు. 2021 అక్టోబరులో వేల్స్‌లోని హేవర్‌ఫర్డ్‌వెస్ట్‌లో ఆనకట్ట మీదుగా కొట్టుకుపోయి నలుగురు పాడిల్‌బోర్డర్లు మరణించాక ఈ లీష్ తేడా గురించి దేశమంతా గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ సౌత్ బీచ్ ముందు లంగరు వేసిన పడవలు చాలా ఉంటాయి కనుక నేను నడుము పట్టీనే వాడతాను. కట్టుకున్నాక ఒకసారి కళ్లు మూసుకొని దాని గుండీ వెతికి లాగి చూడండి. చేతికి దొరకకపోతే ముందుకు తిప్పుకోండి.

6. నడుము లోతులో పావుగంట

ఫిన్ ఇసుకకు తగలని లోతు వచ్చాక బోర్డు నడుమ ఉన్న పిడికి రెండు పక్కలా మోకాళ్లు పెట్టి ఎక్కండి. బోర్డు తూకం ఆ పిడి దగ్గరే ఉంటుంది. పది పన్నెండు తెడ్లు మోకాళ్ల మీదే వేసి, బోర్డు ముందుకు సాగుతున్నప్పుడు ఒక్కొక్క పాదం మోకాలున్న చోట పెట్టి లేవండి. ఆగి ఉన్న బోర్డు మీద లేవడం ఆగి ఉన్న సైకిల్ మీద కూర్చోవడం లాంటిది. చూపు పాదాల మీద కాకుండా ఎదుటి ఒడ్డు మీద ఉండాలి, మోకాళ్లు కాస్త వంచి ఉంచాలి.

నిలబడడం వచ్చిందని మురిసిపోయి బయలుదేరకండి. అసలు పరీక్ష పడి మళ్లీ ఎక్కడం. కావాలనే పక్కకు పడండి, బోర్డు మీద కాకుండా నీటిలోకి, తలకిందులుగా కాకుండా వీపు మీదనో పక్కకో. తరవాత బోర్డు పక్కకు వచ్చి ఒక చేత్తో పిడి పట్టుకొని, కాళ్లు వెనక్కి నీటి పైకి లేచేదాకా తన్ని, అదే ఊపున పొట్టను బోర్డు మీదకి లాక్కోండి. కాళ్లు బోర్డు కిందికి వేలాడుతుండగా చేతుల బలంతో పైకి లేవాలని చూస్తే ఎంత బలవంతుడికైనా కుదరదు. అడుగు తగలని లోతులో, సాయం లేకుండా మూడుసార్లు వరసగా ఎక్కగలిగితే ముందుకు వెళ్లండి. ఎక్కలేకపోతే ఆ రోజు ఒడ్డు దగ్గరే సాధన చేసుకోండి.

పాదాల కింద నల్లగా కనబడేది నాచు కాదు, సముద్రపు గడ్డి. దాని నడుమ సముద్ర గుర్రాలు బతుకుతాయి. ఈ అఖాతాన్ని 2019లో సముద్ర సంరక్షణ మండలంగా ప్రకటించారు. గడ్డి మీద తొక్కుతూ నడవకుండా ఇసుక ఉన్న చోట దిగండి.

7. ముందు గాలికి ఎదురుగా వెళ్లండి

బయలుదేరే ముందు చెట్ల చివరలు చూడండి. చిటికెడు పొడి ఇసుక తల ఎత్తు నుంచి వదలండి. ఒడ్డు దగ్గర కాకుండా కొండ నీడ దాటిన చోట నీరు ఎలా ఉందో చూడండి. అక్కడ ముదురు రంగు ముడతలు పరుగెడుతుంటే గాలి ఉందని అర్థం, తెల్లని నురుగు తలలు కనబడితే ప్రయాణం లేదని అర్థం. లైఫ్‌గార్డులున్న బీచ్‌లలో నారింజ రంగు గాలి సంచి ఎగరేస్తే గాలి నింపిన వస్తువులేవీ నీటిలోకి దించకూడదు.

తరవాత శిలలకు వ్యతిరేక దిశలో, ఉత్తరంగా మిడిల్ బీచ్ వైపు పది నిమిషాలు వెళ్లి రండి. రెండు వైపులా పట్టిన సమయం గడియారంలో చూసుకోండి. ఒకవైపు అయిదు నిమిషాలు, మరోవైపు పది పడితే ఆ గాలి మీ బలానికి మించుతున్నట్టే. మిడిల్ బీచ్ దాటి నోల్ బీచ్ ఉత్తరపు కొసన నగ్నంగా ఎండ కాగేవారికి కేటాయించిన భాగం ఒకటుంది. అత్తమామలను వెంట తెచ్చినవారు ఎంత దూరం వెళ్లాలో ముందే తెలుసుకోవడం మంచిది.

అన్నీ కుదిరితే శిలల వైపు తిరగండి. కొండచరియకు మరీ దగ్గరగా కాకుండా, మరీ దూరంగా కాకుండా, చరియ ఎత్తుకు రెండింతల దూరం ఉంచుకొని సాగండి. సుద్దరాయి హెచ్చరిక లేకుండా విరిగి పడుతుంది. పావుగంటకోసారి ఆగి వెనక్కి తిరిగి నాలుగు తెడ్లు బయలుదేరిన చోటు వైపు వేసి చూడండి. సులువుగా కదిలితే సరే, బోర్డు నిలిచిపోయినట్టనిపిస్తే అదే తిరిగి వచ్చే సమయం, శిలలు ఎంత దగ్గర కనిపించినా సరే.

8. శిలల దగ్గర

సముద్రంలోకి అన్నిటికంటే చివరన నిలిచిన ఒంటరి స్తంభమే ఓల్డ్ హ్యారీ. ఆ పేరు సైతానుకున్న ముద్దుపేరని కొందరు, పూల్ రేవుకు చెందిన హ్యారీ పే అనే సముద్రపు దొంగ పేరని కొందరు చెబుతారు. పక్కనే ఓల్డ్ హ్యారీ భార్య అని పిలిచే మరో స్తంభం కూడా ఉండేది. ఆ స్తంభం 1896లో కూలిపోయింది, ఇప్పుడు మొండెం మాత్రమే నీటిపైన కనబడుతుంది. దగ్గరకు వెళితే తెల్లటి రాతిలో అడ్డంగా నల్లని చెకుముకి రాళ్ల వరుసలు కనిపిస్తాయి, దోసె అంచున మాడిన గీతలా.

ఇక్కడ బోర్డు మీద కూర్చోండి లేదా మోకరిల్లండి. అలలు రాతికి కొట్టుకొని వెనక్కి వచ్చి ఎదురు అలలతో కలుస్తాయి, నీరు ఏ దిక్కుకూ కాకుండా కిందికీ పైకీ ఎగురుతుంది. శిలల సందుల్లోంచి, కమాను కింద నుంచి వెళ్లాలనే కోరిక అందరికీ పుడుతుంది. రెండు నిమిషాలు ఆగి ఆ సందులో నీరు ఎంత లేచి దిగుతుందో చూడండి. అది మోకాలి ఎత్తు దాటితే వెళ్లకండి. కమానుల కింద ఎప్పుడూ ఆగకండి. పక్షులు గూళ్లు కట్టుకునే వసంతకాలంలో చరియలకు దూరంగా ఉండండి.

ఓల్డ్ హ్యారీని దాటి మూల తిరిగితే స్వానేజ్ వైపు ఇంకా అందమైన సూది శిలలున్నాయి. కొత్తవారు అటు వెళ్లవద్దు. ఆ మూల దగ్గర పోటు ప్రవాహం బలంగా ఉంటుంది, నిటారు చరియల వల్ల దిగడానికి ఒడ్డే ఉండదు.

9. తిరుగు ప్రయాణం, గాలి లేస్తే

తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎదురైతే నిలబడి పోరాడకండి. నిలబడిన మనిషి తెరచాపతో సమానం. మోకాళ్ల మీదకి దిగి తెడ్డును పొట్టిగా పట్టుకొని, చిన్న చిన్న పట్లు త్వరత్వరగా వేయండి. అదీ చాలకపోతే తెడ్డును పొట్ట కింద పెట్టుకొని బోర్లా పడుకొని చేతులతో ఈదండి. సూటిగా బయలుదేరిన చోటికే చేరాలన్న పట్టుదల అక్కరలేదు. స్టడ్‌లాండ్ ఇసుక తీరం ఉత్తరంగా చాలా దూరం సాగుతుంది, అందులో ఎక్కడ చేరినా ఒడ్డు ఒడ్డే, కారు దాకా నడవవచ్చు.

10. ఆపద వస్తే

బోర్డును వదిలి ఈదకండి. ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది, కానీ కాదు. బోర్డు పెద్దది, పైనుంచి వెతికేవారికి కనబడుతుంది, నీటిలో తల కనబడదు. హఠాత్తుగా నీటిలో పడితే ఈదడానికి ప్రయత్నించకుండా తల వెనక్కి వాల్చి, చెవులు నీటిలో మునిగేలా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. మొదటి ఉద్ధృతి సాధారణంగా ఒకటిన్నర నిమిషంలో తగ్గుతుంది. తరవాత బోర్డు పట్టుకోండి.

ఒడ్డుకు చేరలేమనిపించిన వెంటనే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డు అని అడగండి. ఫోను బోర్డు మీది వలలో కాకుండా మీ ఒంటి మీద ఉండాలన్నది ఇందుకే. సంచి పైనుంచే తెర పనిచేస్తుందో లేదో ముందురోజు వంటింటి కుళాయి కింద పెట్టి చూడండి, తడి వేళ్లతో చాలా సంచులు పనిచేయవు. ఫోను లేకపోతే విజిల్ ఊదండి, రెండు చేతులూ పక్కలకు చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి.

మనవాళ్లలో ఒక సంకోచం చూశాను. హెలికాప్టరు వస్తే బిల్లు ఎంత వేస్తారో, వీసాకు ఏమైనా చిక్కవుతుందో అని ఫోన్ చేయడానికి వెనకాడతారు. ఈ దేశంలో సముద్రం మీద ప్రాణరక్షణకు మీ దగ్గర డబ్బు వసూలు చేయరు. లైఫ్‌బోట్లు నడిపే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ 1824 నుంచి విరాళాల మీద నడుస్తున్న సంస్థ. దాని ప్రధాన కార్యాలయం పక్కనున్న పూల్‌లోనే ఉంది. చీకటి పడ్డాక చేసే ఫోన్ కంటే గంట ముందు చేసే ఫోన్ వారికీ తేలిక.

గాలి కుదరని రోజున

ఇంత దూరం వచ్చి గాలి అనుకూలంగా లేకపోతే రెండు దారులున్నాయి. పూల్ హార్బర్ లోపల శాండ్‌బ్యాంక్స్ పక్కనున్న విట్లీ లేక్ దగ్గర నీరు లోతు తక్కువ, పడితే చాలాచోట్ల నిలబడవచ్చు. అక్కడ కూడా హార్బర్ ముఖద్వారం వైపు వెళ్లకండి, గొలుసు ఫెర్రీ, బలమైన ప్రవాహం రెండూ అక్కడే ఉన్నాయి. లేదా బోర్డును కారులోనే ఉంచి సౌత్ బీచ్ పైనుంచి కొండమీద కాలిబాట పట్టండి. అరగంట నడిస్తే ఓల్డ్ హ్యారీ మీ కాళ్ల కింద ఉంటాడు. చరియ అంచుకు మాత్రం వెళ్లకండి, అక్కడ కంచె లేదు.

11. ఒడ్డుకు చేరాక

అన్నిటికంటే ముందు ఇంటికి సందేశం పంపండి. బట్టలు మార్చుకొని, పులిహోర తిని, ఫోటోలు చూసుకొని పంపుదామనుకుంటే అప్పటికి ఇంట్లోవారు 999కు ఫోన్ చేసి ఉంటారు. ఒంటి మీది తడి తీసి పొడి బట్టలు వేసుకోండి. నీటి నుంచి వచ్చాక కూడా కొంతసేపు ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది, వణుకు తగ్గేదాకా కారు నడపకండి.

వాల్వ్ చుట్టూ ఇసుక ఊదేసి, ఆ తరవాతే పిన్ను నొక్కి గాలి వదలండి. ఇంటికి వెళ్లాక బోర్డు, లీష్, జాకెట్ మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టండి. తడిగా చుట్టిపెట్టిన బోర్డుకు రెండు వారాల్లో బూజు వాసన పడుతుంది. లీష్ తాడు బోర్డుకు కట్టిన చోట ఉండే సన్నని దారం ముడి అరిగిందేమో చూడండి. నేను ఏటా ఏప్రిల్‌లో అరిగినా అరగకపోయినా దాన్ని మార్చేస్తాను, రెండు పౌండ్లకు మించి పట్టదు.